ఆయన సెల్లారులోకి ఎందుకు దిగలేదు

సోమవారం. అధిక జ్యేష్ఠ శుద్ధ విదియ.

సినిమా సెట్లకి ప్లాస్టర్ అచ్చులు పోసే మౌల్డింగ్ వాళ్ల అసోసియేషన్ సెక్రటరీ తిరుమలేశ్ వచ్చాడు. ఏడాది తర్వాత మా వీధి గుర్తొచ్చింది. పాపం, ఫిల్మ్ నగర్ చాలా పెద్దది కదా. వాళ్ల ఆఫీసు నుంచి మా ఇంటికి రావాలంటే మూడు సందులు దాటాలి.

"వదినగారూ, అన్నయ్య సంస్మరణ సభ గ్రాండ్‌గా చేస్తున్నామండీ" అన్నాడు కూర్చోకముందే. "మన మౌల్డింగ్ డిపార్ట్‌మెంట్‌లో యుద్ధంలో పోయిన మొట్టమొదటి మనిషి మా అన్నయ్యే."

మొట్టమొదటి అనే మాటకి నేను గర్వపడాలో ఏమిటో తెలియక కాఫీ పెట్టి ఇచ్చాను.

ఎప్పుడు బాబూ అని అడిగితే, హీరోగారి డేట్ దొరకాలండీ అన్నాడు. ఆయన తిథి జ్యేష్ఠ బహుళ పంచమి అని చెప్పాను. అది ఏ డేట్ అవుతుందండీ అన్నాడు. ఈ ఏడు జ్యేష్ఠాలు రెండని, ఇప్పుడు నడుస్తున్నది అధికమని, సంవత్సరీకం నిజ జ్యేష్ఠంలోనే పెట్టాలని పంతులుగారు చెప్పారని వివరించాను. తల ఊపాడు. హీరోగారి డేట్ తప్ప మిగతావన్నీ ఆ తలలోంచి జారిపోవడం కళ్లారా చూశాను.

అధిక మాసం వల్ల నాకు ఏడాదికి పదమూడు నెలలయ్యాయి. ఏటి సూతకం తీరేదాకా గుడి మెట్లెక్కకూడదు. సినిమావాళ్ల మధ్య కాపురం ఉండీ ఉండీ స్వామి కూడా రిలీజ్ వాయిదా వేయడం నేర్చుకున్నట్టున్నాడు. తప్పు, చెంపలు వేసుకున్నాను.

తిరుమలేశ్ వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "వదినగారూ, సరిగ్గా ఆ టైములో అన్నయ్య ఏం చేస్తున్నారండీ? స్పీచ్‌లో చెప్పాలి కదా."

తెలియదన్నాను.

నిజంగానే తెలియదు. ఎంబసీ నుంచి ఫోన్ చేసినాయన చెప్పింది ఒక్కటే. సైరన్ మోగింది, పనివాళ్లందరూ సెల్లారులోకి దిగారు, మీవారు దిగలేదు. పై అంతస్తు మీద బాంబు పడింది. సెల్లారులో ఉన్నవాళ్లకి గీత కూడా పడలేదు.

మీవారు దిగలేదు. ఇక్కడ వెదురు నిచ్చెనల మీద రెండంతస్తుల సెట్టు కోతిలా ఎక్కి దిగే మనిషికి అక్కడ, ఆ ఒక్క రోజు, మెట్లు దిగడానికి బద్ధకం వేసింది కాబోలు.


గురువారం. శుద్ధ పంచమి.

ఆయన మీద నాకు కోపం లేదు.


శనివారం. శుద్ధ సప్తమి.

మా సందు మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. నాలుగు వంతుల్లో మూడు వంతులు హీరోగారు, చేతులు జోడించి, నల్లకళ్లద్దాలతో. మిగిలిన మూలలో ఆయన. మిలిటరీ దుస్తుల్లో.

చాలాసేపు ఎవరో అనుకున్నాను. తర్వాత టోపీ చూసి గుర్తుపట్టాను. ఎప్పుడో ఒక యుద్ధం సినిమాకి జనం తక్కువైతే, సెట్టు వేసిన వాళ్లకే దుస్తులు తొడిగి వెనక వరసలో నిలబెట్టారు. టోపీ పెద్దదై చెవుల మీద ఆగింది. ఆ రోజు ఇంటికొచ్చి, యుద్ధమంటే ఇంత ఉక్కపోతని తెలియదు అన్నారు. ఆ ఫొటో కింద ఇప్పుడు 'వీరుడికి సెల్యూట్' అని రాశారు.

తిరుమలేశ్‌కి ఫోన్ చేశాను.

"అన్నయ్య ఒక్కడే ఉన్న ఫొటో అదొక్కటేనండీ" అన్నాడు. "మిగతా వాటిల్లో ఒంటినిండా ప్లాస్టరే."

"ఆయన పని అదే కదా బాబూ."

"నిజమే అనుకోండి. కానీ ఫ్లెక్సీ మీద బాగోదు కదండీ."

సాయంత్రం షేక్‌పేట నుంచి కూరగాయలు తెచ్చే బాలమణి ఆ ఫ్లెక్సీ చూసి వచ్చి బుట్ట దించకుండానే అడిగింది.

"అమ్మా, సారు మిల్ట్రీల ఉండెనా? నేను పీఓపీ పని అనుకుంటుంటి."

"పీఓపీయే."

"మరి మిల్ట్రీ ఎప్పుడు చేసిండు?"

"ఇవాళ పొద్దుటి నుంచి" అన్నాను.

బెండకాయలు నాలుగు ఎక్కువే వేసింది. సైనికుడి భార్యకి ఈ మాత్రం గౌరవం దక్కింది.


బుధవారం. శుద్ధ ఏకాదశి. ఉపవాసం.

ఏవీ లేకుండా ఫంక్షన్ ఏంటండీ అన్నారట కమిటీవాళ్లు. ఏవీ అంటే, సినిమా ఫంక్షన్లలో మనిషి గురించి స్టేజీ మీద తెర దించి వేసే చిన్న సినిమా. బతికున్నవాళ్లకే వేస్తారనుకున్నాను ఇన్నాళ్లు. అది తయారుచేసే పని మా అమ్మాయి భావనకే అప్పగించారు. జూబ్లీహిల్స్‌లో గ్రాఫిక్స్ ఆఫీసులో పని దానిది. సొంత తండ్రి కాబట్టి ఫీలై చేస్తుందని వాళ్ల ఉద్దేశం.

ఆయన నెల్లాళ్లు తిండీతిప్పలూ మాని కట్టే కోటని ఇప్పుడు ఒక పచ్చగుడ్డ ముందు హీరోని నిలబెట్టి, మా భావన లాంటి పిల్లలు కుర్చీలో కూర్చుని కట్టేస్తున్నారు. మౌల్డింగ్‌కి పనులు తగ్గింది అందుకే. ఆయన దానికి ఏడవలేదు. మన ఇంట్లో ఒకరి కంచంలో కూడు ఇంకొకరి కంచంలోకి మారింది, గడప దాటి పోలేదుగా అనేవారు. చెప్పి, తను మాత్రం గడప దాటి వెళ్లారు. అక్కడి షావుకార్ల ఇళ్ల కప్పులకి పువ్వులూ లతలూ పోయడానికి. ఆ ఊరి పేరు ఇందులో రాయను.

రాత్రి భావన లాప్‌టాప్ తిప్పి చూపించింది. ఆకాశంలో నాలుగు విమానాలు.

"విమానాలు రాలేదు కదే. ఏదో డ్రోన్ అన్నారు."

"డ్రోన్ తెర మీద ఈగలా ఉంటుందమ్మా. నాలుగు విమానాలు పెడితే, ఇంకో రెండు పెట్టమన్నారు, ఫ్రేమ్ ఖాళీగా ఉందట."

యుద్ధం చేసినవాళ్లకి ఆ సంగతి తట్టలేదు.

భావన కాసేపు బొమ్మని ముందుకీ వెనక్కీ జరిపింది. "అమ్మా, నాన్న అప్పుడు ఏం చేస్తున్నట్టు చూపించను?"

"దెబ్బతగిలిన వాళ్లనెవరినో భుజాన వేసుకుని తీసుకొస్తున్నట్టు పెట్టాను. అందుకే దిగలేదేమో. నాన్న అలాగే చేసుంటారు కదా?"

దాని కళ్ల కింద నలుపు. ఏడాదిగా అది సరిగా నిద్రపోలేదు. "చేసుంటారు" అన్నాను. ఏకాదశి పూట, దీపం ఎదురుగా.

గొంతు కూడా కంప్యూటరే చేసిందట. ఆయన పాత వాయిస్ మెసేజ్‌లు వేస్తే అదే నేర్చుకుందట. "నా ప్రాణం పోయినా పర్వాలేదు, ముందు మీరంతా వెళ్లండి, మీ బిడ్డలు ఎదురుచూస్తుంటారు" అంటారు అందులో. మా కాపురం మొత్తంలో ఆయన ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడగా నేను వినలేదు. మన అమ్మాయి పెళ్లీడుకొచ్చింది అనే మాట చెప్పడానికే రెండు రోజులు తీసుకున్న మనిషి.


మంగళవారం. బహుళ విదియ.

రఘునందన్‌కి మళ్లీ ఫోన్ చేశాను. ఆయనతో పాటు అక్కడ పనిచేసిన అబ్బాయి, ఆయన సాయం మీదే పని నేర్చుకున్నవాడు. యుద్ధం ఆగాక తిరిగొచ్చాడు. ఎత్తలేదు. రహమత్ నగర్‌లో వాళ్లింటికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి ఇంట్లో లేడన్నారు. రెండోసారి ఇల్లే మారాడన్నారు. యుద్ధంలోంచి బతికి వచ్చినవాడు చీరలకి ఫాల్స్ కుట్టుకునే ఆడదాన్ని చూసి పారిపోతున్నాడు. నా గొంతు పక్కింటికి కూడా వినబడదని అందరూ అంటారు. నాలో ఇంత భయంకరం ఏముందో.


ఆదివారం. బహుళ సప్తమి.

కోపం లేదు. ఆయన చొక్కాలు ఉతికి మళ్లీ మడతపెట్టాను. ఒక చొక్కా జేబు మూలలో తెల్లటి పొడి ఇంకా ఉంది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని మనిషి.

సెల్లారు. నాలుగు మెట్లు. అంతేగా.


బుధవారం. నిజ జ్యేష్ఠ శుద్ధ విదియ.

నిజం వచ్చింది. అధికంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి ఊరంతా తొందరే. తొందరపడుతున్న వాళ్లలో హీరోగారూ ఉన్నారు. సోమవారం పొద్దున ఆయన కొత్త సినిమా ముహూర్తం. ముందురోజు ఆదివారం సాయంత్రం మన సభకి ఒక గంట ఇచ్చారు.

ఈ శుభవార్త తిరుమలేశ్ స్వీటు పెట్టెతో సహా తెచ్చాడు. పెట్టె బల్ల మీద పెట్టి, దాని దారం విప్పుతూ, మళ్లీ కడుతూ కూర్చున్నాడు.

"హీరోగారికి ఒక చిన్న సెంటిమెంట్ అండీ."

"చెప్పు బాబూ."

"తెల్లారితే ముహూర్తం కదండీ. మీరేమో... ఇంకా ఏడాది తీరలేదు కదా. ఎదురుపడితే..."

"నేను రాకూడదా?"

"అయ్యో, అవేం మాటలండీ. మీరు రాకపోతే సభ ఎలా అవుతుంది. రావాలి. కనబడకూడదు, అంతే. స్టేజీ వెనకాల మీకు కారవాన్ పెట్టిస్తున్నాం. ఏసీ. హీరోయిన్లకి పెట్టేదే." మళ్లీ దారం ముడేస్తూ, "ఆయన వెళ్లిపోగానే ఐదు నిమిషాల్లో మిమ్మల్ని స్టేజీ మీదికి పిలుస్తాం. ఈలోగా శాలువా పాప తీసుకుంటుంది."

మా ఆయన పోతే ఆయన సభకి నేనే అశుభం. కూతురు మాత్రం పనికొస్తుంది, చదువుకున్నది కదా. రానని చెప్పడానికి నోరు తెరిచాను.

"అన్నట్టు, అక్కడ అన్నయ్యతో పనిచేసిన రఘునందన్ వస్తున్నాడండీ. వాడికీ సన్మానం పెట్టాం" అన్నాడు.

వస్తానన్నాను. భావనకి ఈ సెంటిమెంట్ సంగతి చెప్పవద్దన్నాను. జనంలో కళ్లు తిరుగుతున్నాయి, వెనక కూర్చుంటానని నేనే చెప్పుకుంటానన్నాను. తిరుమలేశ్‌కి ఎంత ఆనందం కలిగిందంటే, నా కాళ్లకి దణ్ణం పెట్టి వెళ్లాడు. ముహూర్తం అతనిది కాదు కాబట్టి అతనికి నేను పనికొచ్చాను.


ఆదివారం. శుద్ధ చతుర్దశి.

ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి.

కారవాన్‌లో చలి. అద్దం చుట్టూ లైట్లు, ఎటు తిరిగినా నా మొహమే. హీరోగారికి చూపించకూడని మొహాన్ని నేనే ఎందుకు చూసుకుంటూ కూర్చోవాలనిపించి దిగిపోయాను.

స్టేజీ మీద సెట్టు వేశారు. ఆయన చనిపోయిన బిల్డింగు. బాంబు పడి సగం కూలినట్టు, థర్మాకోల్, ప్లాస్టర్. ముందు నుంచి చూసినవాళ్లు గుండెలు పట్టుకుంటున్నారట. వెనక నుంచి చూస్తే ఎప్పటిలాగే వెదురు కర్రలు, ప్లైవుడ్డు, మేకులు. గాలికి పడిపోకుండా పట్టుకోవడానికి మౌల్డింగ్ వాళ్లు నలుగురైదుగురు అక్కడే టీ గ్లాసులతో కూర్చుని ఉన్నారు. ఆయన ఉండి ఉంటే ఆయన కూర్చునే చోటు అదే. వెంకటనర్సయ్యగారు లేచి ప్లైవుడ్డు కట్ట మీద తువ్వాలు పరిచి, "కూసో చెల్లె" అన్నారు. మావారి పక్కన పాతికేళ్లు పనిచేసిన ముసలి మేస్త్రి.

ముందువైపు హీరోగారు మాట్లాడుతున్నారు. "కాశీవిశ్వనాథం లాంటి సైనికులు ఉండబట్టే మనం ఇక్కడ హాయిగా నిద్రపోతున్నాం" అన్నారు. ఈలలు. సీలింగ్ పువ్వుల వల్ల దేశానికి ఇంత భద్రత ఉందని నాకు తెలియదు.

అప్పుడు సెట్టు పక్క నుంచి రఘునందన్ దిగి వచ్చాడు. మెడలో శాలువా. నన్ను చూసి ఆగిపోయాడు. వెనక్కి పోదామంటే స్టేజీ, ముందు నేను.

"మంచిగున్నవా వదినా" అన్నాడు.

"ఉన్నాను బాబూ. నిన్ను ఒక్కటే అడుగుతాను. ఆయన ఎందుకు దిగలేదు?"

శాలువా తీసి మడతపెట్టాడు. చాలా జాగ్రత్తగా మడతపెట్టాడు. "గిదే అడుగుతవనే గిన్ని దినాలు నీకు మొహం చూపియ్యలే."

"చెప్పు."

"సైరన్ రోజు మోగుతుండె వదినా. మొదట్ల ఉరికినం. తర్వాత అలవాటైంది. ఆ దినం జర పెద్దగ మోగిందని అందరం దిగినం. అన్న గప్పుడే టబ్బుల ప్లాస్టర్ కలిపిండు. హాలు మధ్యల పెద్ద పువ్వు, దానికి. నేను చెయ్యి పట్టి గుంజిన. 'కలిపేశానురా, అచ్చులో పోసేసి వస్తా, నువ్వు పద' అన్నడు. నేను పోయిన." శాలువాకి ఇంకో మడత వేసి, "నేను పోయిన వదినా" అన్నాడు మళ్లీ.

"అంతేనా? ఇంకెవరైనా పైన ఉండిపోయారా? ఎవరికోసమైనా ఆగారా?"

"ఎవ్వరు లేరు. గంతే ముచ్చట. నీకు ఏదన్న మంచిగ చెప్దామని మస్తు సోచాయించిన. నాకు రాలే."

ఒళ్లు మండిపోయింది నాకు. ఎవరినో మోస్తూ పోయారంటే ఏదో ఒకటి. దేవుడి విగ్రహం పోస్తూ పోయారన్నా సర్దుకునేదాన్ని. ఎవడింటి కప్పుకో పువ్వు. ఆ ఇంటివాళ్లు భోజనాలయ్యాక తల ఎత్తి కూడా చూడరు.

"పారేసి రాకూడదా?" అన్నాను. నా గొంతు పెద్దదైంది. "ప్లాస్టరేగా. పోతే పోయేది. వదిలేసి నాలుగు మెట్లు దిగి రాకూడదా?"

వాళ్లు బాధపడి ఊరుకున్నారనుకున్నాను. కాదు. నా ప్రశ్న అర్థం కాక చూస్తున్నారు.

"కలిపినంక ఎట్ల వస్తడు చెల్లె?" అన్నారు వెంకటనర్సయ్యగారు. "గట్టిపడతది గద."

ఓదార్పుగా కూడా అనలేదు. ఎసరు మరిగాక బియ్యం పోయమన్నంత మామూలుగా అన్నారు. పక్కన కూర్చున్నతను టీ ఊదుకుంటూ, "నీళ్లు వోసినంక మన చేతుల లేదు" అన్నాడు. ఇంకొకతను తల ఊపాడు. నేనొక్కదాన్నే ఏడాదిగా అడుగుతున్నాను ఆ ప్రశ్న. ఆయనతో పనిచేసిన వాళ్లలో ఒక్కరికీ అది ప్రశ్నే కాదు.

అంతలో ముందు ఏవీ మొదలైంది. ప్లైవుడ్డు అదిరేలా ఆరు విమానాలూ వచ్చాయి. బాంబులు పడ్డాయి. వయొలిన్లు ఏడ్చాయి. తర్వాత ఆ గొంతు. "నా ప్రాణం పోయినా పర్వాలేదు, ముందు మీరంతా వెళ్లండి..."

"గదెవరి గొంతు?" అన్నారు వెంకటనర్సయ్యగారు.

"ఆయనదేనట" అన్నాను.

"విశ్వనాథంది? గాయన గన్ని మాటలు ఎప్పుడు మాట్లాడిండు? మాకు పని చెప్పుడే సైగలతోని చెప్తుండె. మేకు కావాల్నంటె గూడ ఏలు జూపిస్తుండె."

రఘునందన్ ముందు నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూనే. తర్వాత అందరూ. వేలు ఎలా చూపించేవారో ఒకతను చేసి చూపించాడు, అచ్చం అలాగే. నేనూ నవ్వాను. చీర కొంగు నోట్లో పెట్టుకుని, ముందున్నవాళ్లకి వినబడకుండా. సంతాప సభలో పెళ్లాం నవ్విందని తెలిస్తే హీరోగారి ముహూర్తానికి ఇంకేమవుతుందో.

చివరికి తిరుమలేశ్ చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. "వదినగారూ, ఏమనుకోకండి. ఆయన కారెక్కగానే జనం భోజనాలకి లేచిపోయారండీ. స్టేజీ మీదికి పిలిచినా ఎదురుగా ఎవరూ లేరు."

"పర్వాలేదు బాబూ" అన్నాను.


సోమవారం. పౌర్ణమి.

కోపం లేదని రాసిన పేజీలు చూశాను. ఉంది. ఇవాళా ఉంది.

ముహూర్తం నిర్విఘ్నంగా జరిగిందట.


గురువారం. బహుళ తదియ.

భావన ఆ ఏవీని ఫోన్లో మళ్లీ మళ్లీ చూస్తోంది. భుజాన మనిషిని మోస్తున్న చోట ఆపుతుంది. చూస్తుంది. మళ్లీ మొదటికి.

చెప్పకుండా ఉండిపోదామనుకున్నాను. ఆ బొమ్మ దాన్ని నిద్రపుచ్చుతుందంటే సగం అబద్ధం నాదే కాబట్టి భరిద్దామనుకున్నాను. కానీ అది నిద్రపోవడం లేదు. బొమ్మ పెట్టింది తనే కాబట్టి, బొమ్మ అని దానికే తెలుసు.

అన్నం పెట్టి చెప్పాను. రఘునందన్ చెప్పింది చెప్పినట్టు.

కంచంలో చెయ్యి అలాగే ఉండిపోయింది. "ఒక పువ్వు కోసమా అమ్మా?"

"పువ్వు కోసం కాదే. కలిపేశారు."

"అయితే? పారేసి రావొచ్చుగా. మనం లేమా ఇక్కడ?"

"కలిపాక ఎలా వస్తారే" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నేనే ఆగి విన్నాను.

భావన ఏడ్చింది. కోపంగా, కంచం తోసేసి ఏడ్చింది. ఏడాదిలో నేను చేయాల్సిందంతా అది ఒక్క పూటలో చేసింది. నేను చేతులు కడిగించాను. తర్వాత అది లేచి లాప్‌టాప్ తెచ్చుకుంది. ఎప్పటికో అడిగింది.

"టబ్బు ఎంత ఉంటుందమ్మా?"

చేతులతో చూపించాను.

"వంగి పోస్తారా, కూర్చునా?"

"ఒక మోకాలు కింద పెట్టి. ఎడమ చేత్తో కలుపుతూ ఉంటారు, ఆపరు."

విమానాలు తీసేసింది. భుజం మీది మనిషిని తీసేసింది. గొంతు తీసేసింది. కమిటీకి కాదట, ఎవరికీ కాదట. నాకు నిద్రొచ్చి పడుకున్నాను. పొద్దున చూస్తే బల్ల మీదే తలపెట్టుకుని అదీ నిద్రపోతోంది.


శనివారం. నిజ జ్యేష్ఠ బహుళ పంచమి.

మా మరిదిగారు నిన్న తెనాలి నుంచి వచ్చారు, కర్త ఆయనే. తెల్లవారి తలస్నానం చేసి మడి కట్టుకుని వంట మొదలుపెట్టాను. పప్పు రుబ్బి, మూకుడు పొయ్యి మీద పెట్టానో లేదో, తిరుమలేశ్ ఫోన్. నేను మడిలో ఉన్నానని భావన దూరం నుంచి స్పీకర్లో పెట్టింది.

"వదినగారూ, అదృష్టమంటే మీదండీ. సెంటిమెంట్ అయిపోయింది కదా, హీరోగారే మిమ్మల్ని చూడాలంటున్నారు. జూబ్లీహిల్స్ ఇంట్లో. చానల్స్ వాళ్లు వచ్చేశారు. కారు మీ సందు మొదట్లో ఉంది, వెంటనే వచ్చేయండి."

"ఇవాళ ఆయన తిథి బాబూ."

"అరగంటలో దింపేస్తామండీ. ఈ డేట్ పోతే మళ్లీ దొరకదు."

"పిండి రుబ్బేశాను."

"పక్కన పెట్టి రండి వదినగారూ, పిండేగా."

నూనె కాగింది. గారె తట్టి, మధ్యలో చిల్లు పెట్టి మూకుట్లోకి జారవిడిచాను. అది మునిగి తేలేదాకా చూశాను.

"రుబ్బాక ఎలా వస్తాను?" అన్నాను.

అవతల అతను ఇంకా ఏదో అంటున్నాడు. నేను రెండో గారె తట్టుకుంటున్నాను. భావన నా చేతుల వంకే చూస్తూ ఫోన్ కట్టేసింది.